రోడ్డు మీది మనిషి

“గవర్నమెంటు రేటు కట్టినానా, లేదా? అది సెప్పవయ్యా సూర్యప్రకాశూ! కట్టినానా, లేదా?”

గణపతిరావు గొంతు వీధి చివర కిరాణా కొట్టు దాకా వినిపించింది. వినిపించాలనే అరిచాడు. తప్పు ఎదుటివాడిదైతే ఆయన ఎంత అరుస్తాడో మందసలో అందరికీ తెలుసు. తప్పు తనదైతే అంతకు రెట్టింపు అరుస్తాడని ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలుసు.

అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఇన్సూరెన్సు ఏజెంటు సూర్యప్రకాశ్ హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పలాస నుంచి పొద్దున్నే పిలిపించారు అతన్ని. ఇచ్చిన టీ తాగలేదు, వద్దని చెప్పనూ లేదు.

“కట్టారండి. కాదని ఎవరన్నారు? కానీ మీరు కట్టింది థర్డ్ పార్టీ ఒక్కటే. అందుకని రత్నాలమ్మగారికి కంపెనీ ఏమీ ఇవ్వదంటున్నాను.”

“ఎందుకివ్వదు?”

“ఆవిడ మీ కారు లోపల ఉన్నారు కాబట్టి.”

మెట్టు మీద కూర్చున్న లోకనాథ్ చివాలున లేచాడు. రత్నాలమ్మ కొడుకు అతను. తల్లి తుంటి ఎముక విరిగి పలాస ఆసుపత్రిలో పడి ఉంది. గణపతిరావు భార్య కామేశ్వరమ్మతో కలిసి డయాలసిస్‌కి వెళ్తోంది ఆవిడ మొన్న. కారు నడిపింది గణపతిరావు కోడలు కుసుమ. రోడ్డుకి అడ్డం పడ్డ లేగదూడని తప్పించబోతే బండి గోతిలోకి దిగి కొబ్బరిచెట్టుకి గుద్దుకుంది. కుసుమకి నుదుటి మీద కుట్లు పడ్డాయి. కామేశ్వరమ్మకి కమిలిన దెబ్బలతో పోయింది. ముందు సీట్లో కూర్చున్న రత్నాలమ్మ మాత్రం లేచి నిలబడలేకపోయింది.

“బండిలో ఉన్న మనిషి మనిషి కాదేటండీ?” అన్నాడు లోకనాథ్.

“నేను పెట్టిన రూలా బాబూ?” సూర్యప్రకాశ్ నుదురు తుడుచుకున్నాడు. “ఇందులో రెండు ముక్కలుంటాయి. మన బండి వల్ల బయటివాళ్ళకి దెబ్బ తగిలితే ఇచ్చేది ఒకటి, అదే థర్డ్ పార్టీ. అది లేకుండా బండి రోడ్డెక్కకూడదని చట్టం. అందరిచేతా బలవంతంగా కట్టిస్తున్నప్పుడు కంపెనీలు ఇష్టమొచ్చినట్టు లాగకూడదు కదా, అందుకని దాని రేటు గవర్నమెంటే ఖాయం చేస్తుంది, ఇంజను సైజుని బట్టి. ఏ కంపెనీకెళ్ళినా అదే. రెండోది మన బండికీ, మనకీ. దాని రేటు కంపెనీ ఇష్టం. తీసుకోవడం మానడం మన ఇష్టం.”

“రెండోదాన్లో మనుషులు కూడా ఉంటారని అప్పుడు చెప్పారా?”

అడిగింది కుసుమ. ఎప్పుడొచ్చిందో, గడపలో నిలబడి ఉంది.

“ఓన్ డామేజీ అన్నానమ్మా.”

“డామేజీ అంటే బండికి సొట్టలనుకుంటాం. తుంటి ఎముకలని ఎవరనుకుంటారు?”

సూర్యప్రకాశ్ టీ గ్లాసు వైపు చూశాడు. “రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీ తీసుకుంటే లోపల కూర్చున్నవాళ్ళకీ వర్తిస్తుందని... విడిగా అనలేదేమో. ఫుల్ తీసుకోండి, ఫుల్ తీసుకోండి అని మాత్రం మొత్తుకున్నాను.”

“మేం అడగలేదు కాబట్టి మీరు చెప్పలేదు. అంతేనా?”

అతను హెల్మెట్టు పట్టీ సవరించుకున్నాడు. చెప్పేదేముంది? నిజం అదే.

అయినా అతన్నొక్కణ్ణే అనడం న్యాయం కాదు. పాలసీ కట్టించిన వేళ అతను మొత్తుకోవడం కుసుమ తన చెవులతో విన్నది. అంతకు ముందు తనే ఫోన్‌లో వెతికి, రెండు కంపెనీల రేట్లు పక్కపక్కన పెట్టి మావగారికి చూపించింది. థర్డ్ పార్టీ రెండింటిలో ఒకటే ఉంది. సొంత డామేజీ దగ్గరే తేడా. ఈ కంపెనీలో తీసుకుంటే తక్కువలో అయిపోతుంది మావయ్యా, ఏడాది పాటు క్లెయిము చెయ్యకపోతే వచ్చే ఏడు ఇంకా తగ్గిస్తారు కూడా అని చెప్పింది.

తేడా అన్న మాట వినగానే గణపతిరావు కళ్ళు మెరిశాయి. ఒకే బండికి రెండు రేట్లా? దొంగలు దొరికారన్నాడు.

ఆయన జీవితమంతా రేటు కోసం కొట్లాడాడు. యూరియా బస్తా గవర్నమెంటు రేటుకే ఇవ్వాలని షాపు షట్టర్లు దింపించిన మనిషి. జీడిపిక్కకి గవర్నమెంటే ధర కట్టాలని పలాసలో రోడ్డు మీద బైఠాయించి లాఠీ దెబ్బ తిన్న మనిషి. సర్కారు కట్టిన రేటు ధర్మం, మిగతాదంతా బ్లాకు. ఆయనకి ప్రపంచం ఇంత సులువుగా అర్థమైపోయింది. అందుకే సర్కారు రేటు కట్టిన ముక్క తీసుకుని, కట్టని ముక్కని ఏజెంటు మొహాన కొట్టాడు. కొట్టి, ఆ సాయంత్రం వీధిలో పదిమందికీ గర్వంగా చెప్పుకున్నాడు.

“సరే,” అన్నాడు లోకనాథ్. “కంపెనీ ఇవ్వదు. మరెవలిత్తారు? మా యమ్మని విశాఖ తీసికెల్లాల. డయాలసిస్ మనిసికి మత్తియ్యడం కట్టమంట, ఇక్కడ సెయ్యం అంటన్నారు. నాను కూలీ లెక్కన ఆటో తోలుకునేవోన్ని. ఎవలిత్తారు సెప్పండి.”

సూర్యప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు. “పాలసీ లేనిచోట బండి ఓనరే ఇచ్చుకోవాలి. మీరు కోర్టులో కేసు వేస్తే...”

వాక్యం పూర్తి చెయ్యలేదు. అవసరం లేకపోయింది. బండి గణపతిరావు పేరు మీద ఉంది. గణపతిరావు దగ్గర ఇవ్వడానికి ఉన్నది జీడితోట.

స్తంభానికి ఆనుకుని ఉన్న కృష్ణచైతన్య కాలి బొటనవేలితో నేల గీరుతున్నాడు. కుసుమ భర్త. పలాసలో జీడిపప్పు వ్యాపారం అతనిది. పొద్దుట్నుంచీ నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు.

గణపతిరావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఈసారి గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించాడంటే భయపడాల్సిందే.

“ఆ యమ్మ రోడ్డు మీదుంటే ఇచ్చునా కంపెనీ?”

“రోడ్డు మీదుంటే ఇవ్వాల్సిందేనండి. థర్డ్ పార్టీ ఉన్నదే అందుకు. కానీ లేరు కదా.”

“ఉందనుకో.”

సూర్యప్రకాశ్ లేచి నిలబడి హెల్మెట్టు తలకి తగిలించాడు. “ఆ మాట నా ఎదురుగా అనకండి. నేను వినలేదు.”

“విన్నారు!” అంది కుసుమ. “మీరు విన్నారు, మేమందరం విన్నాం. చెప్పాల్సినప్పుడు చెప్పరు, వినాల్సినప్పుడు వినరు. ఏం ఉద్యోగమండీ మీది?”

అతను తల వంచుకుని మెట్లు దిగాడు. బైకు స్టార్టయ్యి వీధి మలుపు తిరిగేదాకా గణపతిరావు ఆగాడు.

“మద్దినం హెడ్డు కానిస్టేబులు ఆసుపత్రికొత్తాడు, మాట రాసుకోడానికి. ఇప్పటిదాకా ఏటీ రాయలేదు. ఒక్క మాట సెప్పీసి ఊరుకో కుసుమా. రత్నాలు రోడ్డంచునే నడుత్తంది. దూడని తప్పించబోయి బండి పక్కకి తిప్పినావు. తగిలింది. అంతే.”

“తగిలిందా?”

“తగిలింది.”

“తగలడం అంటే ఏటి మావయ్యా? కారు దానంతట అది తగులుతుందా? నేను గుద్దేశాననే కదా అర్థం! రోడ్డు పక్కన నడిచెళ్తున్న జబ్బు మనిషిని గుద్దేశానని నా నోటితో నేను చెప్పాలా?”

“స్టేషన్లో నాకు తెలిసినోలున్నారు. నాను సూసుకుంటాను.”

“మీరు చూసుకోవడం చూశాం. ఇన్సూరెన్సు మీరే చూసుకున్నారు.”

కృష్ణచైతన్య ఒక్కసారి తలెత్తి, మళ్ళీ దించేశాడు.

గణపతిరావు మొహం జేగురు రంగుకి తిరిగింది. “నోరు లెగుత్తంది! నందిగాంలో మీ నాన్న నేర్పిన మాటలా ఇవి?”

“మా నాన్న ఊసెత్తకండి. రత్నాలత్తని బండిలో ఎవరూ చూడలేదనుకుంటున్నారా? అంబులెన్సు వాళ్ళు చూశారు. అక్కడ జనం చూశారు.”

“ఏటి సూసినారు? బండిలోంచి లాగి గట్టు మీద పడుకోబెట్టింది నువ్వే గదా. ఆలొచ్చేసరికి మనిసి గట్టు మీదుంది. ఆలు సూసింది గట్టు మీద మనిసినే.”

కుసుమకి మొన్నటి రోడ్డు కళ్ళముందు నిలిచింది. నుదుటి నుంచి రక్తం కళ్ళలోకి కారుతుంటే, ఏమీ కనపడకుండా, ఆ బరువైన శరీరాన్ని చంకల కింద చేతులు వేసి లాగింది తను. బండి అంటుకుంటుందేమో అన్న భయంతో లాగింది. చీర చెదిరితే సర్ది, తన చున్నీ తలకింద పెట్టింది. దాన్నిప్పుడు ఈయన పనికొచ్చే వస్తువులా చేతిలోకి తీసుకున్నాడు. అసహ్యం వేసింది ఆమెకి. కోపం కన్నా ముందు అసహ్యమే వేసింది.

“రేపు కేసు నా మీద పడుతుంది. లైసెన్సు పోతుంది. రత్నాలమ్మని గుద్దిన మనిషని ఊరంతా చెప్పుకుంటారు. అత్తమ్మని వారానికి మూడుసార్లు పలాస ఎవరు తీసుకెళ్తారు? మీరా?”

“ఆటో పెడదాం.”

“ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదు?”

గణపతిరావు మొహం తిప్పుకున్నాడు.

“నేను చెప్పనా? ఇదంతా రత్నాలత్త ఆపరేషన్ కోసం కాదు. మీ తోట కోసం. కంపెనీ ఇవ్వకపోతే తోట అమ్మాలి. అందుకని నన్ను అమ్ముతున్నారు.”

గణపతిరావు కాలితో తన్నిన కుర్చీ మెట్ల మీద నుంచి దొర్లి వీధిలో పడింది. ఎదురింటి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. ఆయన చొక్కా భుజాన వేసుకుని, స్టేషన్ వైపో ఎటో, విసవిసా నడిచి వెళ్ళిపోయాడు.

లోకనాథ్ కుర్చీ తెచ్చి అరుగు మీద పెట్టాడు. పెట్టి, కుసుమ ఎదురుగా నిలబడ్డాడు.

“సెల్లెమ్మా, మావ తోట కోసమే అన్నాడు. నాకు తెలీదేటి? కానీ నాను కోర్టుకెల్తే అది తేలేదెప్పుడు? మావ మీద కేసు గెలిసి ఈ ఊర్లో నాను బతకగలనా? రోడ్డు మీద మనిసికైతే కంపెనీ ఇచ్చీవలసిందే అంటన్నారు. నువ్వొక్క మాట అంటే సాలు.”

“అన్నయ్యా, నేను గుద్దలేదు.”

“నాకు తెలుసు.”

“తెలిసే అడుగుతున్నావా?”

“తెలిసే అడుగుతన్నాను.”

అతని మీద అరవడానికి ఆమెకి నోరు రాలేదు. అరవలేకపోయినందుకు ఒళ్ళు మండిపోయింది. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో కామేశ్వరమ్మ పీట మీద కూర్చుని బంగాళాదుంపలు తరుగుతోంది. కిడ్నీ మనిషి కూర తినాలంటే ముక్కలు గంటల తరబడి నీళ్ళలో నానాలి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించి వార్చాలి. రోజూ ఆ పని కుసుమది. ఇవాళ అత్తగారు తనే మొదలుపెట్టింది. డయాలసిస్ సూదుల కోసం ఫిస్టులా వేసిన ఎడమ చెయ్యి ఒళ్ళో భద్రంగా పెట్టుకుని, కుడి చేత్తో వంకరటింకరగా కోస్తోంది.

కుసుమ కత్తిపీట తన వైపు లాక్కుంది. మిగతా దుంపలు గబగబా తరగసాగింది.

“ఆ సీటు నాది,” అంది కామేశ్వరమ్మ.

“ఊరుకోండి అత్తమ్మా.”

“ముందు సీటు ఎప్పుడూ నాదే గదా. కడుపులో తిప్పుతంది వదినా, ఎనకాల కూకోలేనంటే, రా అనీసి ఇచ్చీసినాను. నాను కూకుంటే నా తుంటి ఇరిగేది.”

“దానికి మీరేం చేస్తారు?”

“రేపు డయాలసిస్‌కెల్తే నా పక్క మంచం కాలీగుంటాది. దాన్ని సూస్తా పడుకోవాల.” ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “సెప్పీయే కుసుమా. ఆలడిగినట్టు సెప్పీయే.”

కత్తిపీట మీద కుసుమ చెయ్యి ఆగిపోయింది.

“ఏంటన్నారు?”

“రోడ్డు మీదుందని సెప్పీయే.”

“మావయ్య చెప్పమన్నారా?”

“ఆయనతో నాకేటి పని? ఆయన మాటయితే నాను సెప్పనే. నాకోసం అడుగుతన్నాను. దాని మొకం సూడలేను నాను.”

ఈ మనిషి కోసం కుసుమ కారు నేర్చుకుంది. ఆడపిల్ల స్టీరింగు పట్టడమేమిటని మావగారు నెల్లాళ్ళు మాట్లాడకపోతే, ‘నన్ను మోసీది అది, దాన్నేటనకండి’ అని అడ్డం నిలబడిందీ మనిషే. బస్సులో కుదుపులకి సూది గుచ్చిన చోట రక్తం చిమ్మితే చీరంతా తడుపుకుని ఇంటికొచ్చిన రోజు కుసుమ ఏడ్చింది. ఏడ్చి, మర్నాడు పలాసలో డ్రైవింగు స్కూలుకి వెళ్ళింది. తల్లికి చేసినట్టు చేసింది. అటువంటి మనిషి నోట ఈ మాట!

“నేను జైలుకెళ్తే మీకు పర్వాలేదన్నమాట.”

“అలగనకే...”

“మరెలా అనమంటారు?”

కామేశ్వరమ్మ తాగడానికి రోజుకింతని కొలిచి పెట్టిన నీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండానే పక్కన పెట్టేసింది. కుసుమ ముక్కల మీద నీళ్ళు పోసి మూత పెట్టింది. మూత గట్టిగానే పడింది.

మధ్యాహ్నం కుసుమ, కృష్ణచైతన్య బైకు మీద పలాస బయల్దేరారు. నుదుటి కుట్ల మీద గాలి తగిలి జివ్వుమంటోంది. దారి పొడుగునా జీడితోటలు. ఎండకి పూత వాసన ఘాటుగా వేస్తోంది.

“నువ్వేమంటావు?” అని అడిగింది కుసుమ.

అతను గేరు మార్చాడు.

“నిన్నే. మావయ్య ఏమంటారో విన్నాను. అత్తమ్మ ఏమంటుందో విన్నాను. నువ్వేమంటావు?”

బైకు వేగం పెరిగింది. అదే అతని జవాబు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆమె ఆ మౌనాన్ని మంచితనం అనుకుంటూ వచ్చింది. తండ్రిని ఎదిరించలేడు గానీ మనసు తన వైపే ఉందని సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇవాళ మొదటిసారి ఆ వీపుని చూస్తే ఒళ్ళు మండింది.

కొబ్బరిచెట్టు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ తలలు తిప్పుకున్నారు. బండి ఇంకా గోతిలోనే ఉంది.

ఆసుపత్రి వార్డులో రత్నాలమ్మ కళ్ళు తెరిచే ఉంది. కాలుకి బరువు కట్టి వేలాడదీశారు. కుసుమని చూడగానే నొప్పిని కూడా మర్చిపోయి మండిపడింది.

“వొచ్చినావా? నన్ను రోడ్డు మీద నడిపించీసినారటగదే మీ ఇంట్లో! పొద్దున్న మా వోడు పోన్ సేసి సెప్పినాడు.”

“నేను ఒప్పుకోలేదత్తా.”

“ఒప్పుకుంటే సంపీసీదాన్ని నిన్ను. రోడ్డంట నడుత్తన్నానట! నడవగలిగితే నీ కారెందుకెక్కుతానే? రా అత్తా అనీసి సెయ్యట్టుకుని ఎక్కించినావు. బెల్టు నువ్వే కట్టినావు. దర్జాగా ముందల కూకున్నాను. అది మార్సీసి, రోడ్డున పోతే కారు గుద్దీసిన దిక్కులేని ముసిల్దాన్ని సేత్తారా నన్ను?”

“మెల్లగా మాట్లాడండి, నొప్పి పెడుతుంది.”

“పెట్టనీ! ఆ పోలీసోన్ని రానీ. ఉన్నమాటే సెప్తాను. కంపినీలు, రూలులూ నాకొద్దు. లోపల కూకున్నోలకి లేదు, బయట పడ్డోలకి ఉందా? ఎవుడు పెట్టినాడే ఆ లెక్క? ఆన్ని తెచ్చి నా పక్కన పడుకోబెట్టమను, తెలుస్తాది.”

కుసుమ మంచం అంచున కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఊళ్ళో తన వైపు ఒక్కళ్ళైనా ఉన్నారు. మంచం మీద కదల్లేని ఈ ఒక్క మనిషీ ఉంది.

వార్డు తలుపు దగ్గర చప్పుడైంది. ముందు గణపతిరావు, వెనక హెడ్ కానిస్టేబుల్, ఆ వెనక లోకనాథ్. అప్పటిదాకా వరండాలో తచ్చాడుతున్న కృష్ణచైతన్య కూడా లోపలికొచ్చి గోడవార నిలబడ్డాడు.

“చెప్పమ్మా, ఏం జరిగింది?” అన్నాడు హెడ్డు, పక్క మంచం ఖాళీగా ఉంటే దానిమీద కూర్చుని.

కుసుమ చెప్పింది. దూడ అడ్డం రావడం, బండి దిగిపోవడం, చెట్టు, రత్నాలమ్మ ముందు సీట్లో ఉండటం, తను బయటికి లాగడం. మావగారి వైపు చూడకుండా చెప్పింది.

హెడ్డు గణపతిరావు వైపు తిరిగాడు. “మీరు వేరేగా చెప్పారు కదా బాబూ. ఆవిడ రోడ్డంచున నడుస్తున్నారన్నారు.”

“కోడలు భయపడిపోయింది. తలకి దెబ్బ తగిలింది గదా, తికమక పడతంది.”

“తికమక లేదు,” అంది కుసుమ. “తలకి తగిలింది గానీ మతి పోలేదు. అబద్ధం చెప్పేది నేను కాదు.”

“చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

“నేను చూశాను.”

ఆ గొంతు ఎవరిదో కుసుమకి వెంటనే పోల్చుకోవడం కాలేదు. పొద్దుట్నుంచీ వినలేదు దాన్ని.

కృష్ణచైతన్య గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. “నేను వెనకాలే బైకు మీద వస్తున్నానండి. రత్నాలత్త అంచున నడుస్తోంది. బండి పక్కకి రావడం, తగలడం చూశాను.”

గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నేర్చుకుని వచ్చిన పాఠం. ఆమె బైకు వెనక కూర్చుని నువ్వేమంటావని అడిగినప్పుడు ఈ పాఠం అతని నోట్లోనే ఉంది.

“ఎప్పుడు చూశావు?” కుసుమ లేచి నిలబడింది. “గోతిలోంచి నీకు ఫోన్ చేస్తే పలాస బజార్లో తూకం దగ్గరున్నానన్నావు. ఎవరైనా ఉంటే చూసుకో, వస్తానన్నావు. నేను రక్తం కారుతూ రోడ్డు మీద నిలబడి నీకోసం ఎదురుచూశాను. ఎప్పుడు చూశావు నువ్వు?”

అతను నేల చూపులు చూశాడు.

“నా మొహం చూసి చెప్పు!”

పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. నర్సు తలుపు దగ్గర ఆగిపోయింది. గణపతిరావు ‘సాలు, సాలు’ అంటున్నాడు.

“అమ్మా,” అన్నాడు హెడ్డు విసుగ్గా, “ఒకటే అడుగుతాను. మీ ఆయన అబద్ధం ఆడుతున్నాడంటారా?”

ఈ మాటతో ఆ ఇంట్లో తనకి చోటుండదని కుసుమకి తెలుసు.

“ఆడుతున్నాడు. రాసుకోండి.”

హెడ్డు తల గోక్కున్నాడు. మావ ఒకటంటాడు, కోడలొకటంటుంది, మొగుడొకటంటాడు. ఈ గొడవంతా ఎందుకని, మంచం వైపు తిరిగాడు.

“దెబ్బ తిన్నది మీరు. మీరే చెప్పండి రత్నాలమ్మగారూ. బండి తగిలినప్పుడు మీరెక్కడున్నారు?”

కుసుమ మళ్ళీ మంచం అంచున కూర్చుని ఆవిడ చెయ్యి అందుకుంది. ఇంకేం భయం లేదు.

లోకనాథ్ మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. బరువు కట్టిన తల్లి కాలి మీద దుప్పటి జారితే సర్దాడు. సర్దుతూ ఆ పాదం మీద చెయ్యి అలాగే ఉంచేశాడు. మీసాలొచ్చిన మనిషి, ఆటోస్టాండులో నలుగురిని తిట్టి గెలిచే మనిషి, అందరి ముందూ పెదవి కొరుక్కుంటూ ఏడుస్తున్నాడు.

రత్నాలమ్మ కొడుకుని చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత కుసుమ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా లాక్కుంది.

“రోడ్డు మీద బాబూ,” అంది. “అంచునే నడుత్తన్నాను. ఎనకనుంచొచ్చీసింది.”

“నడిపిందెవరు?”

రత్నాలమ్మ కళ్ళు మూసుకుంది.

“ఈ పిల్లే.”